గెడ్డ మడుల పనితనం

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ దారుల్లో వెళ్లేవాళ్ల కళ్లు వలిసె పూల మీదో కాఫీ తోటల మీదో నిలుస్తాయి. గెడ్డ, అంటే కొండవాగు, వెంట మెట్లు మెట్లుగా దిగే వరి మడుల దగ్గర ఆగేవాళ్లు తక్కువ. అంత నేర్పుగా కట్టిన నీటిపారుదల ఈ కొండల్లో మరొకటి లేదని నేను నమ్ముతాను. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, కోటియలు తరాలుగా చేతులతో, పలుగూ పారలతో నిలబెట్టిన పని అది.

పైనుంచి చూస్తూ దిగుదాం. గెడ్డకు అడ్డంగా రాళ్లు, కొమ్మలు, మట్టి వేసి చిన్న అడ్డుకట్ట పెడతారు. పెద్ద వానకు అది కొట్టుకుపోతుంది. పోవడమే మంచిది. గట్టిగా నిలిచిపోతే వరద పక్కకు తిరిగి గట్లను కోసేస్తుంది. పోయిన కట్టను నలుగురు కలిసి మళ్లీ వేసుకోగలరు, కోసుకుపోయిన మడిని తిరిగి తెచ్చుకోవడం కష్టం. అడ్డుకట్ట దగ్గర మళ్లిన నీరు కొండ నడుముకు చుట్టిన సన్నని కాలవలో నడుస్తుంది. వాలు ఎక్కువైతే కాలవ తెగుతుంది, తక్కువైతే మట్టి పేరుకుంటుంది. ఆ రెంటి మధ్య వాలును కొలిచిన పరికరం కన్ను ఒక్కటే.

మడిని చదును చేసే పద్ధతి ఇంకా ముచ్చటైనది. మడిలో నీరు పెట్టి చూస్తారు. ఎక్కడ మట్టి పైకి తేలిందో అక్కడ తీసి, ఎక్కడ నీరు లోతుగా నిలిచిందో అక్కడ వేస్తారు. నీరే మట్టపు పలక. దమ్ములో పశువులు తొక్కిన అడుసు కింద గట్టి పొర ఏర్పడి నీటిని ఇంకిపోకుండా పట్టుకుంటుంది. ఒక మడి తూము పక్కనే కింది మడి తూము పెట్టరు. అటొకటి ఇటొకటి పెడితే నీరు మడి అంతా తిరిగి కిందికి దిగుతుంది. తూము నీరు పడేచోట చదునైన రాయి వేస్తారు, లేకపోతే ఆ ధార గట్టు పాదాన్ని తొలిచేస్తుంది.

రాతి గట్ల విషయానికొస్తే సవరల చేయి మిన్న. సీతంపేట కొండల నుంచి ఒడిశాలోని గజపతి, గంజాం జిల్లాల వరకూ వాళ్ల మెట్ల పొలాలు కనిపిస్తాయి. ఆ గోడలకు సున్నమూ లేదు, సిమెంటూ లేదు. గోడను కాస్త కొండవైపు వాలుస్తారు, పొడవాటి రాళ్లను లోపలి మట్టిలోకి పోనిస్తారు, సందుల్లో చిన్నరాళ్లు కూరుతారు. వానాకాలంలో వెనక చేరిన నీరు ఆ సందుల్లోంచి చెమరుస్తూ బయటికి వచ్చేస్తుంది, గోడ మీద ఒత్తిడి పెరగదు. సిమెంటు గోడ కట్టేవాళ్లు ఇదే పనికి గొట్టాలు పెడతారు.

ఇంత చెప్పినా ఈ కట్టడంలో పెద్ద భాగం ఇంకా మిగిలే ఉంది. అది కొండ. వాన వెలిసిన తర్వాత, చలికాలంలో, ఎండల్లో గెడ్డలో పారేది ఊట నీరు. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖొండలైట్ రాయి. అది ఎండకూ వానకూ పైపైన చివికి మొరంగా మారుతుంది. ఆ వదులు పొరలోకి వాన ఇంకుతుంది, అడుగున గట్టి రాయి తగిలిన చోట పక్కకు నడిచి, వాలు మీద ఊటగా బయటపడుతుంది. ఆ మొరం పొరే ఊరి చెరువు. తాగునీటికి గొట్టాలు వేసి గ్రావిటీ పథకాలు నడిపే ఊళ్లకూ ఆ పొరే ఆధారం.

గ్రావెల్ తవ్వేవాళ్లు అడిగేది కూడా సరిగ్గా ఆ పొరనే. రోడ్డుకు బాగా పనికొచ్చే మొరం, ఊటను బతికించే మొరం ఒకటే. ఊటకు ఎగువన తవ్వితే నీరు దాగే చోటు పోతుంది, వానకు ఆ మట్టి కొట్టుకొచ్చి మడుల్లో మేట వేస్తుంది. ఊట మట్టం కంటే లోతుగా పక్కన గొయ్యి పెడితే నీరు అటే దిగిపోతుంది. బొర్రా వైపు సంగతి ఇంకా సున్నితం. అక్కడిది సున్నపురాయి, నీరు గుహల్లో, పగుళ్లలో తిరుగుతుంది. ఆ గుహల గుండా వచ్చే గోస్తనీ తాటిపూడి జలాశయానికి చేరి విశాఖపట్నం కుళాయిల దాకా వెళ్తుంది. కొండమీది తవ్వకం కొండవాళ్ల గొడవ మాత్రమే అనుకునే నగరవాసి ఈ దారిని ఒకసారి పటంలో వెతికి చూడాలి.

బొర్రా ప్రాంతపు గనుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ సాగించిన పోరాటమే సమత కేసు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజుకు ఇవ్వకూడదని 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అంతకుముందే, 1996లో వచ్చిన పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీలను విస్తరించిన చట్టం, చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫార్సు తప్పనిసరి అంది. గ్రావెల్ ఆ కోవలోదే. తీర్పు గిరిజన సహకార సంఘాలకు దారి తెరిచే ఉంచింది, అది న్యాయం. అయితే లీజు ఎవరి పేరున ఉన్నా తవ్విన కొండ తవ్విన కొండే. అందుకే గ్రామసభలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఊట గురించి ఉండాలి.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఊట దగ్గర ఒక బిందె పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఏటా అదే నెలలో, అదే బిందెతో. ఏ ఊట ఏ మడులకు పారుతుందో, ఎవరి ఇంటికి చేరుతుందో పక్కన రాయాలి. కొండల్లోని పంచాయతీ సర్పంచులకు, వార్డు సభ్యులకు, బడి పంతుళ్లకు నా విన్నపం ఇదే: ఈ వేసవిలోనే ఆ పుస్తకం మొదలుపెట్టండి. గ్రావెల్ దరఖాస్తు వచ్చిన రోజున గ్రామసభ బల్ల మీద ముందుగా దాన్ని తెరవండి.