పుట్టింటికి వెళ్లాల్సిన కాగితాలు

ఏడో నెల రాగానే ఆడపిల్ల పుట్టింటికి చేరాలి. సీమంతం చేస్తారు, చేతినిండా గాజులు తొడుగుతారు, ఒడి నింపుతారు, మంచిరోజు చూసి కారెక్కిస్తారు. ఏడు కుదరకపోతే తొమ్మిది. ఎనిమిదో నెలలో మాత్రం గడప దాటనివ్వరు. ఈ ఆచారం మీద నాకు కోపమేమీ లేదు. అమ్మ చేతి అన్నం, మధ్యాహ్నం ఓ గంట నిద్ర, అడక్కుండానే కాళ్లు పట్టే చేతులు... అత్తింటివాళ్లు ఎంత మంచివాళ్లయినా అవి అక్కడ అంత తేలిగ్గా దొరకవు. నా పేచీ అల్లా ముహూర్తంతోనే. గర్భంలో బీపీ పెరిగే జబ్బు తొలిచూలులోనే ఎక్కువ, అదీ ఏడో నెల దాటాకే ఎక్కువ. మనం పుట్టింటికి పంపేదీ తొలిచూలు పిల్లనే, సరిగ్గా అప్పుడే. నెల తప్పినప్పటి నుంచీ ఆమెను చూసిన డాక్టరూ, ఏఎన్‌ఎమ్మూ, ఆశా అమ్మాయీ ఒక ఊళ్లో ఉంటారు. ఆమె ఇంకో ఊళ్లో ఉంటుంది.

అలా వచ్చిన అమ్మాయి నా ఓపీలో కూర్చుంటుంది. ముందు అయిదు నిమిషాలు ఊరికే కూర్చోమంటాను. మెట్లెక్కి ఆయాసపడుతున్న మనిషికి బీపీ పట్టీ చుడితే వచ్చే అంకె మెట్లదే తప్ప ఆమెది కాదు. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు నేలకు తగలాలి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి, కబుర్లు ఆపాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కనిపిస్తుంది. ఇన్నీ పాటించాక 136/86 వచ్చిందనుకోండి. 140/90 దాటలేదు కాబట్టి పంపించెయ్యొచ్చు. కానీ మూడో నెలలో ఆమెది 100/60 అయితే ఆ అంకె నాకు నచ్చదు. మూత్రంలో ప్రొటీన్ చూస్తాను, మూడు రోజులకే మళ్లీ రమ్మంటాను. మొదట్నుంచీ 130 దగ్గరే ఉన్న మనిషైతే నా ఆలోచన ఇంకోలా సాగుతుంది. నడిమి నెలల్లో బీపీ సహజంగానే కాస్త దిగి, చివర్లో మళ్లీ ఎక్కుతుంది. అందుకని మొదటి నెలల్లో రాసిన అంకె నా చేతిలో ఉండాలి.

ఆ అంకె ఎక్కడుంది? ‘అక్కడి డాక్టరుగారి దగ్గర.’

బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే పెద్ద ఆసుపత్రి ఫైళ్లు చూడముచ్చటగా ఉంటాయి. నున్నటి అట్ట, లోపల పొట్టలోని బిడ్డ ముఖం రంగుల్లో తీసిన స్కాన్ ఫొటో. బ్లడ్ గ్రూపు కాగితం మాత్రం ఉండదు. తల్లిది నెగెటివ్, తండ్రిది పాజిటివ్ అయితే 28 వారాలకు యాంటీ-డి ఇంజెక్షన్ పడిందా లేదా అన్నది ఆ ముద్దొచ్చే ఫొటో చెప్పదు. మూడో నెల స్కాన్ పోగొట్టుకుంటే ఇంకా చిక్కు. నెలలు లెక్కగట్టడానికి అదే అన్నిటికన్నా నమ్మకమైనది. చివరి నెలల్లో తీసే స్కాన్ రెండు మూడు వారాలు అటూ ఇటూ చెప్పగలదు. బీపీ 160/110 దాటి కాన్పు చేసెయ్యాల్సి వచ్చినప్పుడు బిడ్డకు 33 వారాలా, 36 వారాలా అన్నది చిన్న తేడా కాదు. ఊపిరితిత్తులు గట్టిపడటానికి తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇవ్వాలా, పసిపిల్లల ఐసీయూ ఉన్నచోటికి పంపాలా... అన్నీ దాని మీదే ఆధారపడతాయి. ‘నెలలు నిండాయండీ’ అంటుంది వాళ్లమ్మ. ఆమె లెక్క ఆమెది.

బీపీ ముదిరితే ఫిట్స్ వస్తాయి. పల్లెల్లో గుర్రపువాతం అంటారు. దానికి మందు ఖరీదైనదేమీ కాదు, మెగ్నీషియం సల్ఫేట్. 33 దేశాల్లో పదివేల మందికి పైగా గర్భిణులతో చేసిన మ్యాగ్‌పై అధ్యయనం, అది ఫిట్స్ వచ్చే ముప్పును సగానికి పైగా తగ్గిస్తుందని 2002లో తేల్చింది. మా దగ్గర తొలి డోసు నరంలోకి 4 గ్రాములు, చెరో పిరుదులో 5 గ్రాములు. తర్వాతి డోసు నాలుగు గంటలకు. దానికి ముందు నర్సు రబ్బరు సుత్తితో మోకాలి చిప్ప కింద తట్టి చూస్తుంది. కాలు ఎగిరితే సరే. ఊపిరి నిమిషానికి ఎన్నిసార్లో లెక్కపెడుతుంది, మూత్రం సంచీలో ఎంత దిగిందో చూస్తుంది. కాలు ఎగరకపోతే ఇంజెక్షన్ ఆగిపోతుంది. ఊపిరి మందగిస్తే విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ పక్కనే సిద్ధంగా ఉంటుంది. పీహెచ్‌సీలో తొలి డోసు ఇచ్చి 108 ఎక్కించినవాళ్లు ‘ఇన్ని గంటలకు ఇంత ఇచ్చాం’ అని ఒక్క ముక్క రాయకపోతే, మళ్లీ ఇవ్వాలా వద్దా అని అర్ధరాత్రి ఫోన్లు చేస్తూ కూర్చుంటాం.

ఈ ముక్క రాసే అలవాటు కోసం సర్కారు కొంత చేసింది. 2016 నుంచి ప్రతి నెలా 9న గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తున్నారు, ముప్పున్నవాళ్ల తల్లీబిడ్డ కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తున్నారు. మంచిదే. ఎర్రది పడిందని ఏడ్చేవాళ్లున్నారు, అత్తగారికి కనిపించకుండా గోటితో గీకేసేవాళ్లూ ఉన్నారు. మంచం దిగొద్దని ఇంట్లోవాళ్లే తీర్పు చెప్పేస్తారు. నెలల తరబడి పడుకోబెడితే బీపీ జబ్బు ఆగుతుందనడానికి ఆధారం లేదు, కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం పెరుగుతుంది.

ఏజెన్సీలో సాలూరు లాంటిచోట ఐటీడీఏ వాళ్లు గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. రోడ్డు లేని కొండ ఊరి నుంచి డోలీ మోసే గతి పట్టకుండా, నెలలు దగ్గర పడకముందే తీసుకొచ్చి ఉంచుతారు. అక్కడి ప్రయాణం ఆసుపత్రి వైపు. పట్నంలో ఉన్న మన అమ్మాయిలేమో ఐసీయూ, బ్లడ్ బ్యాంకు ఉన్న ఊరు వదిలి, రెండూ లేని ఊరికి వెళ్తారు.

అందుకే ముప్పున్న పిల్ల అయితే అమ్మనే కూతురి దగ్గరికి రమ్మంటాను. ‘అల్లుడింట్లో ఎన్నాళ్లుంటామండీ’ అంటారు. అయితే అయిదో నెలలోనే తీసుకెళ్లండి, వెళ్లిన వారంలోపే అక్కడి డాక్టరుకు చూపించండి అంటాను. నెలవారీ బీపీలు, బ్లడ్ గ్రూపు, మొదటి స్కాన్ తేదీ, వేసుకునే మాత్రలు... ఇవన్నీ ఒక్క కాగితం మీద రాసిస్తాను, ఫోన్లో ఫొటో కూడా తీసుకోమంటాను. ఎనిమిదో నెలలో పెద్దాసుపత్రికి వెళ్లమని రాస్తే ‘తొమ్మిది రానివ్వండి’ అని బతిమాలే పెద్దమ్మలతో మాత్రం ఇప్పటికీ నెగ్గుకురాలేకపోతున్నాను. మనవరాలికి బీపీ ఎంతుందో చెప్తే వినరు, కడుపులో బిడ్డకు రక్తం సరిగా అందడం లేదంటే కొందరు మెత్తబడతారు.

కాన్పయ్యాక కూడా కథ అయిపోదు. బీపీ మూడో రోజుకీ ఆరో రోజుకీ మధ్య బాగా ఎక్కుతుంది. అప్పటికి బాలింత చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకుని ఇంట్లో ఉంటుంది. తలనొప్పి అంటే చలిగాలి సోకిందంటారు. అందుకని డిశ్చార్జి కాగితం బాలింత తల్లి చేతికిచ్చి, తలనొప్పి, కళ్లు మసకబారడం, డొక్క పైన నొప్పి వస్తే రాత్రయినా సరే తీసుకురమ్మని చెప్పి, తిరిగి ఆమె చేతే చెప్పిస్తాను. ఈమధ్య కొందరు బీపీ మిషన్ కొనుక్కుంటున్నారు. కొనండి, కానీ వచ్చేటప్పుడు దాన్ని కూడా పట్టుకురండి. మా దానితో సరిపోతుందో లేదో చూసి, పట్టీ ఎలా చుట్టాలో మా నర్సు నేర్పుతుంది.