సింహం తోక ఎక్కడిదాకా?

ఎడమ నడుం మీద, వెన్ను నుంచి పొట్ట దాకా, ఎర్రటి వలయాలు. దురద లేదు, పొలుసు లేదు. "తామర మందు మూడు ట్యూబులు పూసినా సార్, పోలేదు" అందామె. తామరైతే ఒక్కపక్కనే ఇలా బెల్టు కట్టినట్టు పాకదు.

"ఈ చోట ముందెప్పుడైనా ఏమైనా వచ్చిందామ్మా?"

కాసేపు కూతురి మొహం చూసింది. "అక్కి లేసింది పోయినేడు. కుమ్మరాయన జేగురుతో సింహం బొమ్మ రాసినాడు. మానిపోయింది గదా సార్."

మానిపోయినదాన్ని డాక్టరుకు ఎవరు చెప్తారు? పైగా కుమ్మరి దగ్గరికి పోయామంటే తిడతాడని భయం. నాటువైద్యం చేయించావా అని గదమాయించిన రోజులు నాకూ ఉన్నాయి. ఇలాంటి వలయాలకే నేనూ ఒకసారి తామర మందు రాసి పంపాను.

అక్కి అంటే సర్పి. చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ వెన్ను పక్క నరాల ముడుల్లో ఏళ్లకేళ్లు దాక్కుని, ఒక నరం వెంట బయటికొస్తుంది. అది మానిన చోటే ఒక్కోసారి, రోజులకో ఏళ్లకో, దానితో పొత్తులేని ఇంకో జబ్బు దిగుతుంది: గ్రాన్యులోమా యాన్యులేర్ అనే ఈ వలయాలు, లైకెన్ ప్లానస్, సోరియాసిస్, అరుదుగా లింఫోమా. 1955లోనే వైబర్న్-మేసన్ అనే బ్రిటిష్ వైద్యుడు సర్పి వచ్చిన చోట పుట్టిన క్యాన్సర్ల గురించి రాశాడు. 1995లో రోనీ వూల్ఫ్ బృందం దీనికి ఐసోటోపిక్ రెస్పాన్స్ అని పేరు పెట్టింది. గ్రీకులో 'అదే చోటు' అని. కెమిస్ట్రీ పాఠంలోని ఐసోటోపుకూ పుట్టిల్లు ఆ మాటే.

ఎందుకిలా? వైరస్ అవశేషాలా అంటే, అన్ని మచ్చల్లోనూ అవి దొరకవు. నరాల కొసలు దెబ్బతిని, అక్కడి రోగనిరోధక కాపలా చెదిరిపోతుందన్నది నాకు ఎక్కువ నచ్చే వివరణ. వింతేమిటంటే, ఒక్కోసారి ఒళ్లంతా పేలిన దద్దు పాత సర్పి పట్టీని మాత్రం వదిలేస్తుంది. చెదిరిన కాపలా ఎటు మొగ్గుతుందో చర్మానికే తెలియాలి.

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాం. గ్రాన్యులోమానే. ఇలా ఒకచోటే వచ్చినవి చాలామందికి వాటంతటవే తగ్గుతాయని చెప్పాను.

"మళ్లీ రాయించుకోవాల్నా సార్?"

"వద్దులేమ్మా. అప్పుడు ఎక్కడిదాకా రాశాడో చూపించు."

భయం పోయినట్టుంది, నవ్వింది. తల వెన్ను దగ్గర, నడుము ఇక్కడ, అంటూ వేలితో గీస్తూ వచ్చి, బొడ్డుకు నాలుగు వేళ్ల ఇవతల ఆపింది. "తోక ఈడికి, సార్." చివరి వలయం ఆ వేలి కిందే ఉంది.