రౌండ్ పాట నుంచి శాస్త్రీయ కృతి దాకా: ప్రాథమిక పాఠశాలలో సంగీత బోధన - ఒక విమర్శ

ఉపోద్ఘాతం

ప్రాథమిక పాఠశాలలో సంగీతమంటే మనకు ప్రార్థనగీతం, దేశభక్తిగీతం, వార్షికోత్సవ బృందగానం. మూడింటిలోనూ పిల్లలందరూ ఒకే వరసను ఒకేసారి పాడతారు. శ్రుతి కలవని పిల్లలను వెనుక నిలబెట్టి, పెదవులు కదిపితే చాలునని చెప్పడం మన బడుల్లో కొత్త కాదు. ఆ పిల్లలకు గొంతు లేదా, లేక వారికి వినడం నేర్పలేదా? ఈ ప్రశ్నకు హంగరీ స్వరకర్త జోల్తాన్ కొదాయ్ (1882-1967) ఇచ్చిన సమాధానాన్ని పరిశీలించి, అది కర్ణాటక సంగీత ప్రాథమిక పాఠాలకు ఎంతవరకు వర్తిస్తుందో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కొదాయ్ వాదం

'శ్రుతిశుద్ధంగా పాడుదాం' అనే అర్థం వచ్చే పేరుతో కొదాయ్ 1941లో రెండు గొంతుల అభ్యాసాల పుస్తకం వెలువరించారు. ఎప్పుడూ ఒకే వరసను కలిసి పాడేవారికి శ్రుతి కుదరదని, రెండు వేర్వేరు వరసలు పాడినప్పుడే ఒక గొంతును ఆనుకొని మరొక గొంతు సరిపడుతుందని ఆయన అభిప్రాయం. పైకి విరుద్ధంగా కనిపించే మాట ఇది. కాని అందరూ ఒకటే పాడుతున్నప్పుడు పక్కవారిని వినవలసిన అవసరం ఎవరికీ కలగదు. తప్పిన గొంతు గుంపులో దాగిపోతుంది. పియానో తోడుతో శ్రుతి నేర్పడాన్ని కూడా ఆయన అంగీకరించలేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించిన సంగతి ఎరిగిన మనకు ఈ అభ్యంతరం వింతగా తోచదు.

రెండు గొంతుల పాటకు పిల్లలు చేరే అతి దగ్గరి దారి రౌండ్. ఒక బృందం పాట ఎత్తుకొని ఒక పాదం ముగించగానే రెండో బృందం అదే పాటను మొదటి నుంచి అందుకుంటుంది. తరువాత మూడోది, నాలుగోది. తెలుగులో దీనికి స్థిరపడిన పేరు లేదు కనుక రౌండ్ అనే మాటనే వాడుతున్నాను. ఇందులో కొత్తగా నేర్వవలసిన వరస ఏదీ లేదు. నేర్వవలసినది, పక్క బృందం వింటూ తన పాదాన్ని నిలుపుకోవడం ఒక్కటే.

'ఫ్రేర్ జాక్' అనే ఫ్రెంచి పాట బాణీ మన నర్సరీ తరగతుల్లోనూ పరిచితమే. అయితే నేను విన్నంతవరకు అక్కడ దానిని అందరూ ఒకేసారి పాడతారు తప్ప రౌండ్‌గా పాడరు. దాని నాలుగు పాదాలను మన స్వరాల్లో రాసుకొని, ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తే నిర్మాణం బయటపడుతుంది. ఒకటో, మూడో లెక్కల మీద ఏ పాదంలోనైనా షడ్జం, గాంధారం, పంచమం తప్ప వేరే స్వరం పడదు. రిషభం, మధ్యమం బలం లేని లెక్కల్లోనే వచ్చి పోతాయి. అందుకే నాలుగు బృందాలు ఒకేసారి పాడినా గందరగోళం పుట్టదు.

ఇదే బాణీని గుస్తావ్ మాలర్ తన మొదటి సింఫనీలో వాడుకున్నాడు. 1889లో ఆ కృతి తొలిసారి వినిపించిన నగరం బుడాపెస్ట్. నేటి రూపంలో మూడో భాగంగా ఉన్న శవయాత్రా గమనంలో మొదట డబుల్ బాస్ ఒంటరిగా ఎత్తుకుంటుంది. పిమ్మట బసూన్, చెల్లో, ట్యూబా రౌండ్ పద్ధతిలోనే ఒకదాని వెంట ఒకటి ప్రవేశిస్తాయి. అంతర గాంధారం ఉండవలసిన చోట సాధారణ గాంధారం వినిపిస్తుంది. శాస్త్రీయ సంగీతాన్ని 'పరిచయం' చేసే పాఠాల్లో సాధారణంగా జరిగేది స్వరకర్త జీవితం చెప్పి రికార్డు వినిపించడం. నాలుగు బృందాలుగా పాడిన పిల్లవాడికి ఆ ఉపన్యాసం అక్కరలేదు. వాద్యాలు ప్రవేశించే చోట్లను తానే పట్టుకుంటాడు, ఏదో మారిందని తానే అంటాడు. ఏమి మారిందో అప్పుడు చెప్పవచ్చు.

మాయామాళవగౌళ, మోహనం

కొదాయ్ దృక్పథంలో పాట ముందు, స్వరం పేరు తరువాత. మన సంప్రదాయంలో సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు గడిచాక గాని గీతం రాదు. ఒక గురువు, ఒకరిద్దరు శిష్యులు ఉన్న చోట ఈ క్రమం సాగింది. నలభైమంది ఉన్న మూడో తరగతి గదిలో పాట లేని నెలలు పిల్లలను సంగీతానికి దూరం చేస్తాయి. ఇక్కడ మనవారు కొదాయ్ మాట వినడం మేలని నా అభిప్రాయం. కాని ఆయన పేరుతో నడిచే పాఠ్యక్రమాలు కొన్ని, ఫలానా స్వరాంతరం నేర్పాలి కనుక ఫలానా పాట అన్నట్లు సాగుతాయి. అక్కడ పాట తిరిగి అభ్యాసంగా కుంచించుకుపోతుంది.

రౌండ్‌ను మన పాఠాలకు తెచ్చినప్పుడు అసలు చిక్కు రాగం దగ్గర వస్తుంది. మొదటి సరళీ వరుసను మాయామాళవగౌళలో రెండు స్వరాల ఎడంతో రెండు బృందాలు పాడుతున్నాయనుకుందాం. ఆరోహణలో స-గ, రి-మ, గ-ప జతలు ఇంపుగానే ఉంటాయి. మొదటి బృందం పై షడ్జాన్ని మళ్లీ పలికి దిగబోయే క్షణంలో రెండో బృందం కాకలి నిషాదం మీద ఉంటుంది. హార్మోనియంపై పక్కపక్క మెట్ల తేడా అది. మరుక్షణంలో స్థానాలు తారుమారై అదే ఒరిపిడి మళ్లీ వస్తుంది. అనుభవం ఉన్న గాయకులు దానిని తట్టుకొని నిలబడతారు. ఎనిమిదేళ్ల పిల్లలు మాత్రం ఎదుటి స్వరంలోకి జారిపోతారు.

మోహనంలో ఈ ప్రమాదం లేదు. స రి గ ప ద అనే ఐదు స్వరాల మధ్య ఎక్కడా ఒక్క మెట్టు ఎడం లేదు. ఏ ఎడంతో ఎత్తుకున్నా అటువంటి ఒరిపిడి కలగదు. కొదాయ్ పిల్లల కోసం ఎన్నుకున్న హంగరీ జానపద బాణీల్లో పంచస్వర నిర్మాణానికి పెద్దపీట వేయడం వెనుక ఈ సౌలభ్యం కూడా ఉంది. మోహనంలో సాగే చిన్న బాణీలతో రౌండ్ మొదలుపెట్టడానికి అడ్డు కనిపించదు.

గమకం లేని మోహనం మోహనమేనా అని విద్వాంసులు ప్రశ్నిస్తారు. కాదనే ఒప్పుకోవాలి. రెండు బృందాల స్వరాలు కలవాలంటే గాంధారాన్ని నిలకడగా పలకాలి, దానితో రాగచ్ఛాయ సన్నగిల్లుతుంది. కనుక రౌండ్‌తో రాగం నేర్పుతున్నామని చెప్పుకోకూడదు. నేర్పుతున్నది శ్రుతిజ్ఞానం, ఎదుటివారిని వినడం. రాగానికి మళ్లీ ఏకగళ సాధన తప్పదు.

పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కూర్చిన నొట్టుస్వరాలు శంకరాభరణ స్వరాల్లో నడుస్తాయి. పిల్లల చేత వాటిని నేడు విరివిగా పాడిస్తున్నారు, ఏకకంఠంగానే. అవి రౌండ్ కోసం పుట్టిన బాణీలు కావు. 'ఫ్రేర్ జాక్' విషయంలో చేసినట్లు ఒక్కొక్కదాని పాదాలను పేర్చి, బలమైన లెక్కల మీద ఏ స్వరాలు పడుతున్నాయో గుర్తిస్తే, వాటిలో బడి పిల్లల బృందాలకు లొంగేవి ఎన్నో తేలుతుంది. పరిశోధకులు ఇంకా చేయదగిన పని అది.