పులస: పేరులోని భేదము, శరీరములోని భేదము

సముద్రమునకు దూరమైన పావగడ తాలూకా మంగళవాడవంటి మెట్టయూళ్ళ తెలుగువారు పులస, విలస అను పేర్లు వినినప్పుడు అవి రెండు చేపలని తలచుట సహజము. గోదావరి తీరవాసులకు ఆ భ్రమ లేదు. కడలిలో నున్నంతవరకు విలస. వానకాలపు ఎఱ్ఱనీటి వరదకు ఎదురీది ఏటిలోనికి వచ్చినప్పుడు పులస. రెంటికిని శాస్త్రనామము టెన్యువలోసా ఇలీషాయే.

ఈ మార్పును సాల్మన్ చేపలలోని భేదముతో సమానము చేసి చెప్పుట కలదు. అది పొరపాటు. పసిఫిక్ తీరపు సాకై సాల్మన్ సముద్రమున పెరిగి ఏటికి మరలును. అదే జాతిలోని కోకనీ సరస్సును విడువదు. కోకనీ శరీరము చిన్నది. సరస్సు ఆహారములో ఎఱుపు నిచ్చు పదార్థము స్వల్పమే యైనను, గ్రుడ్లు పెట్టు వేళకు అది ఎఱ్ఱబడును. సాకై పిల్లలను మంచినీటనే పెంచినచో అంత ఎఱుపు రాదు, పచ్చనగును. ఇది తరతరముల వారసత్వము. పులసకు కలుగునది ఒక్క జన్మలోని మార్పు. కొవ్వు, రుచి మారును, వంశము మారదు.

నదికిని నదికిని నడుమ భేదము కలదా యనునది వేఱు ప్రశ్న. హుగ్లీ, చిలుక సరస్సుల ఇలీషాలను టి. వి. ఆర్. పిళ్ళై 1957లో అంగాంగముగా కొలిచి పోల్చిన పద్ధతి ఇందులకు మార్గదర్శకము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఈ చేపకు ఎగువ దారి ఇఱుకైనది. నేడు పులస అరుదు. వంగదేశపు ఇలీషా ఆ పేరుతో గోదావరి సంతలలో అమ్ముడుపోవుచున్నది. జాతిచేత అది అబద్ధము కాదు, గోదావరి నీట నీదలేదు గనుక పేరుచేత అబద్ధము. శరీరముచేత ఎట్టిదో తేల్చుటకు రెండు నదుల చేపలను ప్రక్కప్రక్కన నుంచి కొలువవలెను.