వస అరగదీసే చేతికి కొలత తెలుసు

"మావాడు క్లాసులో కుదురుగా కూర్చోడండీ. పిలిస్తే పలకడు, తోటిపిల్లలతో కలవడు. బుర్రకి బలమొచ్చే పొడేమన్నా ఉందా?" తెనాలి బజారులో మూలికల కొట్టు దగ్గర నిలబడితే ఇలాంటి మాట చెవిన పడుతూనే ఉంటుంది. కొట్టాయన డబ్బా మూత తీసి ఆకుపచ్చ పొడి పొట్లం కడతాడు. పిల్లాడి వయసెంతో అడగడు.

మూలికలంటే నాకు చులకన లేదు. మా ఇళ్లల్లో వసకొమ్ముని దీపం మీద కాల్చి, సానరాయి మీద తల్లిపాలతో రెండు చుట్లు అరగదీసి, వేలికొసతో పసిబిడ్డ నాలుక్కి రాసేవారు. మాటలు తొందరగా వస్తాయని నమ్మకం. ఎంత రాయాలో ఇంటి పెద్దావిడకి తెలుసు. అయినా వస నూనె ఎలుకల్లో కణుతులు పుట్టించిందని అమెరికా 1968లోనే వసని తిండి పదార్థాల్లో నిషేధించింది. అలాంటప్పుడు, కొలతే లేని పొట్లం సంగతేమిటి?

బుర్రకి బలమంటూ గుండ్రటి ఆకుల సరస్వతి ఆకునీ, తడినేలన పాకే సన్నాకుల బాకోపానీ బజారులో బ్రాహ్మి అనే అమ్ముతారు. రెండూ వేర్వేరు మొక్కలు. 6 నుంచి 14 ఏళ్ల మగపిల్లలు 112 మందికి ఆస్ట్రేలియాలో 14 వారాలు కొందరికి బాకోపా సారం, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 2022లో వచ్చిన ఫలితం ప్రకారం, కొన్ని మానసిక పరీక్షల్లో కాస్త మెరుగు కనిపించినా, నిలకడలేమి, ఏకాగ్రత లోపాల విషయంలో ఉత్తుత్తి మాత్రకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇంకో భయముంది. బోస్టన్ చుట్టుపక్కల కొట్లలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో బయటపడ్డాయని 2004లో తేలింది. సీసం దెబ్బతీసేది పిల్లల ఏకాగ్రతనే. దేనికి మందని పోస్తున్నామో, అదే ముదిరే ప్రమాదమన్నమాట.

పిలిస్తే పలకని పిల్లాడికి ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఆ తర్వాత పిల్లల డాక్టరుకీ, మానసిక నిపుణులకీ చూపించండి. ఇవి ఆటిజం లక్షణాలే అయితే, దాన్ని మాన్పే ఆకు ఇప్పటిదాకా దొరకలేదు. మాటా నడతా మెరుగుపడేది చిన్నప్పుడే మొదలెట్టే శిక్షణతోనే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, అడగండి. ఆయుర్వేదమే కావాలనుకుంటే చదువుకున్న వైద్యుణ్ణి చూసుకోండి, లైసెన్సు, బ్యాచి నంబర్లున్న సీసానే కొనండి, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచకండి. పేరూ ఊరూ లేని పొట్లాన్ని మాత్రం పిల్లాడి నోటిదాకా రానివ్వకండి.