ఇంటి అప్పా, వాని అప్పా? పాలు పంపకముల కథలపై ఒక విమర్శ

అన్నదమ్ముల పాలు పంపకములను గూర్చి తెలుగులో వెలసిన కథలకును చలనచిత్రములకును కొదువ లేదు. వానిలో పెక్కింటియందు కాపురము చీలుటకు కారణ మొక్కటే: ఇంటికి వచ్చిన కోడలి నోరు. ఆ నోరు మూతపడినచో నడిమి గోడ కూలి, రెండు పొయ్యిలు ఒక్కటియై, కథ సుఖాంతమగును. ఈ నమ్మకము మనకు ఎంత అలవాటైనదనగా, మన యిండ్లలో పంపకము నిజముగా తగవై నిలిచినప్పుడు కూడ మనము ముందుగా వెదకునది లెక్కల పుస్తకమును కాదు, దుర్బుద్ధి గల మనిషిని. తోడబుట్టినవారిలో ఒకడు అప్పులపాలై యున్నప్పుడు ఈ వెదకులాట యెందుకును కొరగాదు. అక్కడ అడుగవలసిన ప్రశ్న వేరు. ఆ అప్పు ఇంటిదా, వానిదా? మన వాఙ్మయము ఈ ప్రశ్నను ఎంతవరకు అడిగినదో చూచుటయే ఈ వ్యాసమున నా పని.

ప్రశ్న గాలిలో పుట్టినది కాదు. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని బైరకూరు హోబళిని తీసికొందము. ఇంట తెలుగు, కచ్చేరిలో కన్నడము, సంతలో రెండును. ఏడాది పొడుగున పారు నది ఈ జిల్లాలో లేదు. చెరువులను, మోటబావులను నమ్ముకొని బ్రతికిన సీమలో ఇప్పుడు బోరుబావులు వేయి అడుగులు దాటిపోయినవి. ఒక కొడుకు ఊర నిలిచి సేద్యము చేయును. తక్కినవారు బెంగుళూరు చేరుదురు; ఒకప్పుడు బంగారు గనులకు పోయెడివారు, ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. పొలము తండ్రి పేర నుండును. బోరు వేయించుటకు తెచ్చిన సొమ్ము ఊరనున్న కొడుకు పేర నుండును. నీరు పడలేదు. రెండవచోట త్రవ్వించెను. పడిన నీటితో టొమాటో పెట్టెను, ధర పడిపోయెను. తండ్రి కాలము చేసిన పిదప అందరును చేరి పహణీ ముందు పెట్టుకొని కూర్చుందురు. నీరు పుష్కలముగా పడియున్నచో అది ఇంటి బావి, అందరికిని భాగము. పడలేదు గనుక అది వాని అప్పు. ఈ రెండు వాక్యములను ఒకే నోట, ఒకే పూట పలుకుటకు మనకు సంకోచము కలుగకపోవుటయే అసలు చిక్కు.

ఇక కథలకు వత్తము. 1957లో అన్నపూర్ణా వారి పక్షమున ఆదుర్తి సుబ్బారావుగారు తీసిన ‘తోడికోడళ్ళు’ మన కుటుంబ చిత్రములలో తలమానికమని పేరు గన్నది. శరత్‌బాబు ‘నిష్కృతి’ దానికి మూలము. సంపాదించు పెద్దన్న, లెక్క తెలిసిన నడిపివాడు, వరుసకు తమ్ముడై సంపాదన లేని చిన్నవాడు. ఈ మూడు పాత్రల మధ్య సమస్త బంధువర్గమును ఇమిడిపోవును. నటులను మెచ్చుకొనుటకు నాకు మాటలు చాలవు. రంగారావుగారి పరధ్యానము, కన్నాంబగారి గాంభీర్యము మరపునకు రావు. సూర్యకాంతముగారి మాట చెప్పనే అక్కరలేదు. ఆంధ్రదేశమున ఉమ్మడి కాపురములన్నియు ఆమె వలననే చెడినవని నమ్మువారు నేటికిని కలరు, పాపము.

కాని కథ కట్టడిని పరీక్షింపుడు. చిన్నవాడు సంపాదింపకుండుట ఇంటిపని చేయుట వలననా, చేతకాక పోవుట వలననా? వానికై వెచ్చించినది భాగములో జమ యగునా, ప్రేమలో జమ యగునా? నడిపివాడు ఈ ప్రశ్న అడుగును. అడిగినందుకే వాడు నీచుడుగా చిత్రింపబడినాడు. పెద్దన్న అడుగడు, అందుచేత దేవుడైనాడు. మూలకథలో తగవు తీర్చుటకు పోయిన ఆ పెద్దవాడు ఆస్తిని చిన్నవాని భార్య పేర పెట్టి వచ్చును. చదువరికి కన్నీరు వచ్చును, నాకును వచ్చినది. అయినను ఆ కన్నీటిలో లెక్క కొట్టుకొనిపోయినది. సంపాదనపరుడైన పెద్దన్న ఒకడుండి, వాని చేతిలో అందరికి సరిపోవు సొమ్ముండి, వాడు లెక్క మరచువాడైన యింట మాత్రమే ఈ పరిష్కారము చెల్లును. మూడెకరముల మెట్టయు, ఎండిన రెండు బోర్లును గల యింట పెద్దన్న అంతటి ఉదారుడైనచో అతని పిల్లల చదువు ఆగిపోవును. ఔదార్యమును పరిష్కారముగా చూపిన కథ, ఔదార్యమునకు శక్తి లేనివానిని దోషిగా నిలుపుచున్నది.

ఇంతకంటె పాతవారే మేలు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్యను చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణ నగరమున వ్రాసెను. అది నేటి కర్ణాటకములోని బసవకల్యాణమే. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సోమయాజికి ‘దశకుమార చరిత్రము’ నంకితమిచ్చిన మూలఘటిక కేతన, ఆ ధర్మశాస్త్రమును ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగు పద్యములలోనికి దించెను. కన్నడనాట పుట్టిన న్యాయము తెలుగు పద్యమైనదనగా, ముళబాగిలు ప్రాంతమువారికి అది రెండు విధముల పుట్టింటి సొత్తు. కవిత్వ దృష్టితో చూచువారు దానిలో రసము లేదందురు. నిజమే, లేదు. కాని స్మృతికారుడు మొదటనే సొమ్మును, అప్పును ఒక్క త్రాటను కట్టి, తండ్రి పిమ్మట కొడుకులు రెంటిని సమముగా పంచుకొనవలెనని విధించెను. కుటుంబము కొరకు చేసిన అప్పును భాగస్థులందరు తీర్పవలెను. త్రాగుటకు, జూదమునకు, కాముకత్వమునకు తండ్రి చేసిన అప్పు కొడుకులకు అంటదు. అవిభక్తులైన అన్నదమ్ములు ఒకరికొకరు అప్పిచ్చుటయు, జామీను నిలుచుటయు లేదు. ఈ కడపటి మాట ఎంత లోతైనది! కలిసియున్నంత కాలము నీకిచ్చితిననుట చెల్లదు. ఇచ్చినది ఇంటిలోనే యున్నది. ఎవడు మంచివాడని శాస్త్రము అడుగలేదు, ఎందుకు చేసిన అప్పని అడిగినది. రసము లేని ఆ గ్రంథమునకు గల న్యాయదృష్టి మన రసవత్తర చిత్రములకు లేకపోయెను.

ఆధునికులలో ఈ ప్రశ్నను తప్పించుకొననివాడు కాళీపట్నము రామారావుగారు. ఆయన ‘యజ్ఞం’ అన్నదమ్ముల కథ కాదు. అప్పు వారసత్వమైన కథ. అప్పల్రాముడు తన అప్పును కాదనడు. పంచాయితీ పెద్ద శ్రీరాములునాయుడు కూడ దుష్టుడు కాడు, ధర్మము తప్పరాదనువాడే. మంచివారందరు చేరి తీర్చిన ధర్మము కొడుకు సీతారాముని మెడకు చుట్టుకొనును. తన బిడ్డకు ఆ బ్రతుకు వలదని వాడు పసివానిని చంపి తెచ్చి పంచాయితీ ముందు పెట్టును. ఆ ముగింపు అతియని కొందరన్నారు. నాకట్లు తోచదు. అప్పు ఎవరిచేత ఎట్లు పుట్టినదో విచారింపక, ఒప్పుకొన్నాడా లేదా యని మాత్రమే విచారించిన సభకు అంతకంటె చిన్న జవాబు వినబడదు. అయితే ఆ కథలో దెబ్బ తండ్రినుండి కొడుకునకు నిలువుగా దిగును. తోడబుట్టినవారి నడుమ అడ్డముగా ప్రాకు అప్పును గూర్చి అంతటి కథ మనకు ఇంకను కావలసియున్నది.

చట్టము ఈలోపల చాల దూరము నడచినది. తండ్రి ఋణము తీర్చుట కొడుకునకు పుణ్యధర్మమను ఒక్క హేతువుపై దావా వేయు హక్కు, 2005 సెప్టెంబరు 9 తరువాత చేసిన అప్పుల విషయమున ఋణదాతకు లేదు. అదే సవరణ కొమార్తెకు పుట్టుకతో భాగమిచ్చినది. కర్ణాటకము 1994లోనే పెండ్లికాని కొమార్తెలకు ఇచ్చినది. 2005 నాటికి తండ్రి జీవించియుండవలె ననునది లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చినది. అప్పులవాడు తన భాగమును అమ్మదలచినచో, వీలునామా లేని యాస్తిలో తోడి వారసులకు ముందుగా కొను హక్కు 1956 నాటి వారసత్వ చట్టమున కలదు. వ్యవసాయభూమికిని అది వర్తించునని 2019లో తీర్పు వచ్చినది. విడివడని యింటిలో ఒకని భాగమును పరాయివాడు కొని విభాగమునకు దావా తెచ్చినచో, ఇంటివారు వెలకట్టించి దానిని తిరిగి కొనవచ్చునని 1893 నాటి విభాగ చట్టము చెప్పుచున్నది. ఇట్లు కుటుంబమును నిలుపు దారులు ఉండగా, మనవారు ఎక్కువగా త్రొక్కునది వేరొక దారి. అప్పులవాని భాగమును అన్న పేర పారిఖత్తు వ్రాయించి, ఋణదాతకు చేయి చూపుదురు. మోసగించు తలంపుతో చేసిన బదిలీని ఋణదాత కోరికపై రద్దు చేయవచ్చునని 1882 చట్టముననే యున్నది. అంతకుమించి, నామమాత్రమునకు వ్రాయించుకొన్న అన్నయే నాలుగేండ్లకు అది నిజమని నమ్మును.

స్మృతికారుని సభలో ఆడుబిడ్డకు సమానమైన పీట లేదు. ఇది ఆ గ్రంథమునకు పెద్ద లోపము. నేడు పీట యున్నది, కాని ఆమెను పిలుచునది చేవ్రాలునకే. తమ్ముడు మునిగిపోవుచున్నాడు, నీవు హక్కు విడుదల పత్రము వ్రాసియిమ్మని అందురు. ఆమె వ్రాసియిచ్చును. అప్పు ఎంత, ఎందుకు చేసినది, నేను విడిచిన భాగముతో ఎంత తీరును, మిగిలినది ఎవరి పేర నిలుచును అని ముళబాగిలు సబ్ రిజిస్ట్రారు కచ్చేరి బల్లమీద కలము పట్టుకొని అడిగిన చెల్లెలు, నేను చదివిన తెలుగు కథలలో నాకు కనబడలేదు. అడిగియున్నచో ఆమెను మన కథకులు సూర్యకాంతముగారికి అప్పగించియుందురు.