కేటలాగుకి కులం లేదా?

లైబ్రేరియన్‌కి ఉండాల్సిన నైపుణ్యాలేమిటి? వర్గీకరణ, సూచీకరణ, రిఫరెన్సు సేవ, ఇప్పుడైతే కంప్యూటరూ. పాఠ్యపుస్తకాలు ఒప్పజెప్పే ఈ జాబితాలో తప్పు లేదు. కాకపోతే ఈ పనులు ఎవరి పక్కన నిలబడి చేయాలన్న ప్రశ్నే అందులో లేదు. మన పేచీ అక్కడే.

ఈ ప్రశ్న విశాఖలోనే వెయ్యాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే గ్రంథాలయ శాస్త్రం కోర్సు పెట్టింది మరి.

ఒక పుస్తకం తీసుకుందాం. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం 'చిక్కనవుతున్న పాట'. డ్యూయీ దశాంశ పద్ధతి సాహిత్యాన్ని భాషనిబట్టి, ప్రక్రియనిబట్టి విడదీస్తుంది. అంచేత దీని నంబరు 894.8271, అంటే తెలుగు కవిత్వం. సామాజిక వర్గాల మీద పుస్తకాలుండే 305.5 బీరువా ఎక్కడో దూరాన ఉంటుంది. కులం గురించి చదవాలని వచ్చిన విద్యార్థికి ఆ బీరువాలో మన మీద రాసిన వ్యాసాలు దొరుకుతాయి గానీ మన గొంతు దొరకదు. నంబరు సరైనదే కదా అంటారు. సరైనదే. పుస్తకం ఒక్కచోటే ఉండగలదు, నిజమే. కాని కేటలాగులో దాని ఎంట్రీ ఎన్ని చోట్లయినా ఉండొచ్చు. కార్డయినా కంప్యూటరయినా 'దళితులు', 'అంటరానితనం' అన్న శీర్షికల కింద ఇంకో రెండు ఎంట్రీలు రాస్తే ఆ విద్యార్థికి దారి దొరుకుతుంది. రాయకపోతే? పుస్తకాన్ని కొని మరీ వెలివేసినట్టే.

ఇక రిఫరెన్సు కౌంటరు. ఉక్కు ఫ్యాక్టరీకి భూములు పోయి, ఆర్ కార్డు పట్టుకుని తిరిగిన కుటుంబంలోని కుర్రాడు వచ్చి "మా ఊరి భూముల కాగితం ఏదైనా ఉందాండీ?" అని అడిగాడనుకోండి. "అలాంటివి ఇక్కడుండవు బాబూ" అనేస్తే పని అయిపోతుంది. అలా కాకుండా ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి, భూసేకరణ నోటిఫికేషన్ గెజిట్‌లో ఎలా వెతకాలో చూపించి, అక్కడ దొరక్కపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టడం చెప్పాలి. చదువుకున్న శాస్త్రమంతా ఇక్కడే పనికొస్తుంది. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలన్నది రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు సూత్రాల్లో ఒకటి. పోర్టు కళాసీ కొడుకు పాఠకుడు కాడా?

గ్రంథాలయ సెస్సు ఇంటిపన్నుతోపాటు మన పేటల్లోనూ వసూలవుతోంది. ఆ డబ్బుకి బదులు అడుగుతున్నాం. అధ్యాపకులు ఈ రెండు పనుల్నీ ప్రాక్టికల్ పరీక్షలో పెట్టాలి. విద్యార్థులూ, కార్యకర్తలూ తమ ఊరి లైబ్రరీకి వెళ్ళి కేటలాగులో 'దళితులు' అన్న మాట కింద ఏముందో చూడాలి. ఏం లేదో రాసిచ్చి రావాలి.